గుడ్డ అట్టతో అరచేతి నోటు పుస్తకం: వంగకుండా, మరక పడకుండా కట్టడం ఎలా?

చేతితో కుట్టిన నోటు పుస్తకం చూసినవారు చాలామంది ‘ఇది నేనూ చేయగలనా’ అని అడుగుతారు. చేసేస్తారు కూడా. వారం తిరగకముందే ఆ పుస్తకం పట్టుకుని మళ్లీ వస్తారు. అప్పుడు వాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు. అట్ట గిన్నెలా ఎందుకు వంగింది? గుడ్డ మీద ఈ తడి మరకలు ఏమిటి? తెరిచి బల్ల మీద పెడితే దానంతట అదే ఎందుకు మూసుకుంటోంది? మొదటి రెండింటికీ కారణం జిగురులోని నీళ్లు. మూడోదానికి కారణం కాగితం వాటం, అంటే అందులోని నార పడుకుని ఉన్న దిక్కు, చూడకుండా మడవడం. కుట్టు తప్పు వల్ల పాడైన పుస్తకాలు నేను చాలా తక్కువగా చూశాను. అందుకే ఇందులో కుట్టు కంటే తడి గురించే ఎక్కువ చెబుతాను.

ఇక్కడ చెప్పే పుస్తకం ఎ6 కొలత, అంటే 105 × 148 మి.మీ. మొత్తం 96 పేజీలు. చిన్నది కాబట్టి ఈ కొలత ఎంచుకోలేదు, అసలు కారణం ఐదో అంచెలో తెలుస్తుంది. పని రెండు పూటలది, మధ్యలో ఒక రాత్రి ఆరబెట్టాలి, చివర ఇంకో రోజు బరువు కింద ఉంచాలి. ఒక్క మధ్యాహ్నంలో ముగించాలనుకుంటే దీన్ని మొదలుపెట్టకండి. అలాంటివారి కోసం చివర్లో ఇంకో పద్ధతి ఉంది.

కావలసినవి

• మామూలు ఎ4 తెల్ల కాగితాలు 12.
• అస్తరు కోసం కొంచెం మందమైన రంగు కాగితాలు 2 (ఒక్కొక్కటి 210 × 148 మి.మీ.). అట్ట లోపలి వైపు అతికే కాగితమే అస్తరు.
• 2 మి.మీ. మందమున్న గట్టి అట్ట. పార్సిల్ పెట్టెల ముడతల అట్ట పనికిరాదు, నొక్కితే గుంటపడుతుంది.
• వెన్నుకు కాస్త మందమైన కార్డు ముక్క.
• నూలు గుడ్డ, 300 × 230 మి.మీ. ముక్క.
• తెల్లని టిష్యూ కాగితం, 340 × 270 మి.మీ. రంగు టిష్యూ వద్దు, తడి తగలగానే రంగు వదులుతుంది.
• వెన్ను మీద వేయడానికి పల్చటి గుడ్డ పట్టీ, 120 × 50 మి.మీ.
• గట్టి నూలు దారం లేదా నార దారం 120 సెం.మీ., దారానికి రుద్దడానికి కొవ్వొత్తి ముక్క.
• మొన మరీ పదునుగా లేని సూది, రంధ్రాలకు ఒక లావు సూది.
• చెక్కపనికి వాడే తెల్ల జిగురు, బంకకు మైదా పిండి.
• స్టీలు స్కేలు, కట్టర్, పెన్సిల్, ఒక అంగుళం వెడల్పు బ్రష్, మడత రుద్దడానికి చెంచా, చివర్లో గాడి నొక్కడానికి అల్లిక సూదులు 2, రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ షీటు.
• బరువైన పుస్తకాలు నాలుగైదు, రద్దు కాగితాలు బోలెడు.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. జిగురు రాసిన ప్రతిసారీ కింద వేసిన రద్దు కాగితాన్ని పారేసి కొత్తది వేయాలి. గుడ్డ మీద పడే మరకల్లో ఎక్కువ భాగం కింద ఉన్న కాగితం మీది పాత జిగురు అంటుకుని వచ్చినవే.

గుడ్డ విషయంలో నా ఓటు పాత చొక్కాకే. దాని వీపు భాగం ఈ పనికి సరిపోతుంది. ఎన్నోసార్లు ఉతికింది కాబట్టి తడిసినా ఇక ముడుచుకోదు. కొత్త గుడ్డయితే ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయండి. బనియన్ గుడ్డలా సాగేవీ, జారిపోయే సింథటిక్ రకాలూ, వెలుతురు కనిపించేంత పల్చటివీ మొదటి పుస్తకానికి వద్దు. రంగు దిగుతుందో లేదో చూడటానికి తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను పక్కన పెట్టేయండి.

ముందు రోజు సాయంత్రం: గుడ్డకు కాగితం

గుడ్డకు నేరుగా జిగురు రాసి అట్ట మీద వేయడం అందరూ చేసే పనే, అందరూ పాడుచేసుకునేదీ అక్కడే. నేత సందుల్లోంచి జిగురు పైకి ఊరుతుంది, ఆరాక అది నల్లటి తడి మచ్చలా ఉండిపోతుంది, ఉతికినా పోదు. గుడ్డ వెనక ఒక పల్చటి కాగితం పొర ఉంటే జిగురు దాన్ని దాటి రాలేదు. ఈ ఒక్క పనికి ఓపిక పడితే మిగతాదంతా సులువవుతుంది.

1. మైదా బంక వండండి. ఒక వంతు మైదాలో ముందు కొంచెం చన్నీళ్లు పోసి ఉండలు లేకుండా కలపండి, తర్వాత మొత్తం ఐదు వంతులయ్యేలా మిగతా నీళ్లు పోయండి. సన్నని మంట మీద, చేయి ఆపకుండా కలుపుతూ ఉంచండి. పాలలా తెల్లగా ఉన్నది కాసేపటికి చిక్కబడి, మెరుపు వచ్చి, కొంచెం పారదర్శకంగా మారుతుంది. ఆ తర్వాత ఇంకో రెండు మూడు నిమిషాలు ఉడకనిచ్చి దింపండి. పూర్తిగా చల్లారాక పల్చటి గుడ్డలో వేసి పిండితే ఉండలు గుడ్డలోనే ఉండిపోతాయి. బ్రష్ ముంచి పైకెత్తితే నిదానంగా జారి పడేంత చిక్కదనం కావాలి. టపటపా కారితే పల్చన, బ్రష్‌కే పట్టుకుని ఉంటే చిక్కన.

బంక రెండు రోజుల్లో పులుస్తుంది, కాబట్టి కావలసినంతే వండండి. పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలిపే అలవాటు కొందరు బైండింగ్ పనివారికి ఉంది. అది విషం. పిల్లలున్న ఇంట్లో, వంటకు వాడే గిన్నెలో, ఆ పని చేయకండి.

2. గుడ్డను పరచండి. అద్దం బల్ల గానీ నున్నటి ప్లాస్టిక్ పూత ఉన్న బల్ల గానీ శుభ్రంగా తుడిచి, గుడ్డ మంచి వైపు కిందకి ఉండేలా వేయండి. నీళ్లు చిలకరించి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమరండి. పడుగు, పేక పోగులు తిన్నగా ఉన్నాయో లేదో ఈ దశలోనే చూసుకోవాలి. గళ్ల గుడ్డయితే మరీ జాగ్రత్త. ఇప్పుడు వంకరగా ఉన్న గడి పుస్తకం అట్ట మీద జీవితాంతం వంకరగానే కనిపిస్తుంది.

3. టిష్యూకు బంక రాయండి. టిష్యూను ఒక ప్లాస్టిక్ షీటు మీద వేసి, మధ్య నుంచి బయటికి, నక్షత్రం గీసినట్టు బ్రష్ లాగండి. పల్చటి పొర చాలు. తడిసిన టిష్యూ చేతికి ఆగదు, చిరిగిపోతుంది. అందుకని పొడవాటి స్కేలును ఒక అంచు దగ్గర పెట్టి, ఆ అంచును స్కేలు మీదికి వాల్చి, స్కేలుతో సహా ఎత్తండి. కర్ర మీద ఆరేసిన బట్టలా వేలాడుతూ వస్తుంది.

4. గుడ్డ మీద దించండి. బంక వైపు కిందకి ఉండేలా ఒక అంచు ముందు తాకించి, మిగతాది నెమ్మదిగా వదులుతూ, పొడి బ్రష్‌తో నొక్కుతూ వెళ్లండి. టిష్యూ గుడ్డ కంటే అన్ని వైపులా 2 సెం.మీ. పెద్దది కదా, ఆ అదనపు అంచు బల్లకే అతుక్కుంటుంది. అతుక్కోవాలి కూడా. ఆరేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా లాగి పట్టుకునేది ఆ అంచే. ఒక మూలన, అంచు కింద చిన్న కాగితం ముక్క దూర్చి ఉంచండి. రేపు ఊడదీయడానికి దారి అదే.

రాత్రంతా ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి. పొద్దున్న వేలితో తడితే బిగించిన డప్పులా చప్పుడు రావాలి. మెత్తగా, చల్లగా అనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. కాగితం ముక్క పెట్టిన చోట స్కేలు దూర్చి చుట్టూ తిప్పితే మొత్తం ఒక్క పలకలా ఊడి వస్తుంది. దాన్ని కొంచెం వంచి చూడండి. ఎక్కడైనా టిష్యూ బుడగలా లేస్తే అక్కడ బంక అందలేదని అర్థం. బుడగ చిన్నదైతే ఆ చోటు కత్తిరింపులో పోయేలా చూసుకోవచ్చు, పెద్దదైతే తడిపి మళ్లీ అతికించాలి.

ఇంత తతంగం వద్దనుకుంటే, ఇస్త్రీ వేడికి కరిగి రెండు వైపులా అతుక్కునే జిగురు షీటు కుట్టుపని సామాను అమ్మేచోట దొరుకుతుంది. గుడ్డకూ టిష్యూకూ మధ్య దాన్ని పెట్టి ఆవిరి లేకుండా ఇస్త్రీ చేస్తే నిమిషాల్లో పని అయిపోతుంది. గుడ్డ కొంచెం బిరుసెక్కుతుంది. నాకు బంకతో వచ్చే మెత్తదనమే ఇష్టం, కానీ తొందరలో ఉన్నప్పుడు నేనూ ఇస్త్రీ పెట్టె తీస్తాను.

లోపలి పుస్తకం

5. కాగితం వాటం చూడండి. కాగితంలోని నార ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది. తడిసినప్పుడు నార అడ్డంగా ఉబ్బుతుంది, పొడవుగా దాదాపు పెరగదు. అందుకే కాగితం ఒక వైపుకే సాగుతుంది. ఒక చిన్న చతురస్రం ముక్కకు ఒక వైపు తడి రాస్తే అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఏ దిక్కుకు ఉందో వాటం అదే. అట్టకయితే రెండు దిక్కులా మెల్లగా వంచి చూడండి. తేలిగ్గా వంగినప్పుడు పడే గీత దిక్కే వాటం.

సూత్రం ఒక్కటే. కాగితాలు, అస్తరు, అట్టలు, వెన్ను కార్డు, అన్నింటి వాటమూ పుస్తకం నిలువుకు సమాంతరంగా ఉండాలి. గుడ్డకయితే పడుగు నిలువుగా.

మామూలు ఎ4 కాగితానికి వాటం సాధారణంగా పొడవాటి వైపు ఉంటుంది. దాన్ని సగానికి మడిచి ఎ5 పుస్తకం చేస్తే మడత వాటానికి అడ్డంగా పడుతుంది. పేజీలు స్ప్రింగులా లేస్తాయి. దానంతట అదే మూసుకునే పుస్తకం రహస్యం ఇదే. అదే ఎ4ను ముందు అడ్డంగా రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను మడిస్తే మడత వాటం వెంటే పడుతుంది. ఎ6 కొలత ఎంచుకున్నది ఇందుకే.

6. కోసి మడవండి. 12 కాగితాలనూ 210 × 148 మి.మీ. ముక్కలుగా కోస్తే 24 వస్తాయి. నాలుగేసి ముక్కలు ఒకదానిలో ఒకటి ఒదిగేలా కలిపి మడవండి. ఇలాంటి మడతల జట్టును ముద్రణ పనివారు ఫారం అంటారు. మీకు 6 ఫారాలు వస్తాయి. మడతను చెంచా వీపుతో మధ్య నుంచి రెండు వైపులా గట్టిగా రుద్దండి. తర్వాత ఆరింటినీ బరువు కింద ఒక గంట ఉంచండి. ఈ గంట ఎగ్గొడితే పుస్తకం వెన్ను దగ్గర ఉబ్బుతుంది.

7. రంధ్రాలు. 148 మి.మీ. పొడవున్న కాగితం పట్టీ మీద పై నుంచి 15, 64, 84, 133 మి.మీ. దగ్గర గుర్తులు పెట్టండి. పట్టీని ప్రతి ఫారం మధ్య మడతలో పెట్టి లావు సూదితో లోపలి నుంచి బయటికి గుచ్చండి. సూది మడత గీత మీదే రావాలి, పక్కకు జారకూడదు. ఫారాలన్నింటికీ పై అంచు ఏదో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. కొలతలు రెండు వైపులా సమానమే అయినా చేత్తో గుచ్చిన రంధ్రాలు సమానంగా ఉండవు.

8. కుట్టు. దారాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగండి, చిక్కుపడదు. రంధ్రాలను పై నుంచి 1, 2, 3, 4 అనుకుందాం.

మొదటి ఫారం: బయటి నుంచి 1లోకి వెళ్లి, 2 నుంచి బయటికి వచ్చి, 3లోకి దూరి, 4 నుంచి బయటికి రండి. మొదట్లో 10 సెం.మీ. తోక వదలండి. 2కూ 3కూ మధ్య దారం బయట కనిపిస్తుంది.

రెండో ఫారాన్ని దాని మీద పెట్టి 4లోకి వెళ్లి 3 నుంచి బయటికి రండి. ఇప్పుడు నేరుగా 2లోకి దూరకుండా, కింది ఫారం మీద బయట కనిపిస్తున్న దారం కిందుగా సూది పోనిచ్చి, ఆపై 2లోకి వెళ్లండి. 1 నుంచి బయటికి వచ్చాక మొదటి తోకతో రెండు ముళ్లు వేయండి.

మూడో ఫారం నుంచి నడక ఇదే: లోపలికి, బయటికి, కింది దారానికి కొక్కెం, లోపలికి, బయటికి. చివరి రంధ్రం దగ్గర మాత్రం ఒక ముడి అదనం. కింది రెండు ఫారాలను కలిపే దారం కిందుగా సూది దూర్చి, ఏర్పడిన ఉచ్చులోంచి తీసి బిగించండి. ఆరో ఫారం చివర ఈ ముడి రెండుసార్లు వేసి, 1 సెం.మీ. వదిలి దారం కోయండి.

దారాన్ని ఎప్పుడూ వెన్ను వెంబడి లాగండి. మీ వైపు లాగితే కాగితం కోసుకుపోతుంది. ఒకవేళ చిరిగితే ఆ ఫారం విప్పి, బయటి కాగితం ఒక్కటే మార్చండి.

సరిగా వచ్చిందా? ఒక చివర ఉన్న ఫారాన్ని మాత్రం పట్టుకుని కట్టను ఎత్తండి. మిగతావి దగ్గరగా వేలాడాలి. ఫారాల మధ్య గోరు దూరేంత సందు కనిపిస్తే దారం వదులు. మరోవైపు, వెన్ను విల్లులా వంగిందంటే మరీ బిగించారు. వదులును జిగురు కొంతవరకు కాపాడుతుంది. అతి బిగింపును ఏదీ కాపాడదు.

9. అస్తరు, వెన్ను. రంగు కాగితాలను 105 × 148 మి.మీ.కి మడవండి. ఒక్కో దాని మడత పక్కన 3 మి.మీ. వెడల్పు మాత్రమే తెల్ల జిగురు రాసి, కట్టకు ముందొకటి, వెనకొకటి అతికించండి. ఈ సన్నని గీత కోసం ఒక రద్దు కాగితాన్ని మడత నుంచి 3 మి.మీ. వదిలి పరచి, దాని మీదుగా బ్రష్ లాగితే చాలు.

ఇప్పుడు కట్టను బల్ల అంచుకు వెన్ను బయటికి ఉండేలా పెట్టి, పైన బరువు వేసి, వెన్నుకు తెల్ల జిగురు పల్చగా రాయండి. వేలితో ఫారాల సందుల్లోకి రుద్దండి. పల్చటి గుడ్డ పట్టీని రెండు వైపులా సమానంగా రెక్కలు మిగిలేలా వెన్ను మీద వేసి నిమరండి. గంటసేపు వదిలేయండి.

అట్ట తొడుగు

10. కొలతలు. అట్టలు రెండు, ఒక్కొక్కటి 102 × 154 మి.మీ. పుస్తకం కంటే ఎత్తు 6 మి.మీ. ఎక్కువ, వెడల్పు 3 మి.మీ. తక్కువ. తక్కువేమిటని కంగారుపడకండి, అట్టకూ వెన్నుకూ మధ్య గాడి వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

వెన్ను కార్డు ఎత్తు కూడా 154 మి.మీ. దాని వెడల్పును అంకెలతో లెక్కపెట్టకండి. కట్టకు రెండు వైపులా రెండు అట్టలు పెట్టి, చేత్తో నొక్కి పట్టి, మొత్తం మందం కొలవండి. సుమారు 11 మి.మీ. వస్తుంది. మీ దారం లావును బట్టి అటూ ఇటూ అవుతుంది. మీకు ఎంత వస్తే అంతే కోయండి.

అట్ట కోసేటప్పుడు ఒక్క దెబ్బకు తెగాలని చూడకండి. స్టీలు స్కేలు ఆనించి తేలికగా ఏడెనిమిది సార్లు గీస్తే అంచు నిటారుగా వస్తుంది. స్కేలు పట్టుకున్న వేళ్లు అంచుకు దూరంగా ఉండాలి. మొద్దు బ్లేడు పదునైన బ్లేడు కంటే ప్రమాదకరం, ఎందుకంటే బలం ఎక్కువ పెడతారు, అది జారుతుంది.

11. అతికించండి. కాగితం వేసిన గుడ్డను 270 × 195 మి.మీ.కి కోసి, కాగితం వైపు పైకి ఉండేలా పరచండి. మధ్యలో వెన్ను, దానికి రెండు వైపులా 7 మి.మీ. గాడి, ఆపైన అట్టలు, చుట్టూ 20 మి.మీ. అంచు. ఇవన్నీ పెన్సిల్‌తో గీసుకోండి. 7 మి.మీ.ను ప్రతిసారీ కొలవకుండా, మిగిలిన అట్టలోంచి 7 మి.మీ. వెడల్పు బద్ద ఒకటి కోసుకుని దాన్నే మధ్యలో పెట్టి తీయండి. కొలత తప్పడానికి వీలుండదు.

తెల్ల జిగురు, మైదా బంక సగం సగం కలపండి. తెల్ల జిగురు ఒక్కటే అయితే సర్దుకునే లోపు ఆరిపోతుంది, బంక ఒక్కటే అయితే తడి ఎక్కువ. జిగురును అట్టకు రాయండి, గుడ్డకు కాదు. ఎంత రాయాలని అందరూ అడుగుతారు. రాసిన అట్టను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అంతటా ఒకేలా తళతళలాడాలి. తెల్లటి మడుగులు కనిపిస్తే బ్రష్‌తో తీసేయండి, మెరుపు లేని మచ్చలుంటే అక్కడ ఒకసారి తాకించండి. గుర్తుల మీద పెట్టి, వెంటనే మొత్తం తిప్పి, గుడ్డ మీద ఒక శుభ్రమైన కాగితం వేసి, మధ్య నుంచి అంచులకు రుద్దండి. కాగితం అడ్డు లేకుండా చెంచాతో రుద్దితే గుడ్డ మీద మెరిసే గీతలు పడతాయి.

పూల బొమ్మలూ పక్షులూ ఉన్న గుడ్డయితే ఏది పైభాగమో ముందే గుర్తు పెట్టుకోండి. నేను కట్టిన మొదటి పుస్తకం మీద పిచ్చుకలు ఇప్పటికీ తలకిందులుగానే ఎగురుతున్నాయి.

12. మూలలు. పుస్తకం చేతిలోకి తీసుకున్నవారు మొదట తడిమేది మూలనే. గుడ్డ నాలుగు మూలలనూ ఏటవాలుగా కోయాలి, కానీ అట్ట మూలకు ఆనించి కాదు. అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3 మి.మీ. వదిలి కోయండి. ఆనించి కోస్తే మడిచాక అట్ట కొన బయటపడుతుంది, 5 మి.మీ. వదిలితే మూల ఉండకడుతుంది.

ముందు పై, కింది అంచులను జిగురు రాసి లోపలికి మడవండి. మూల దగ్గర మిగిలిన చిన్న చెవిని గోటితో అట్ట మందం మీదకు లోపలికి నొక్కండి. ఆ తర్వాతే పక్క అంచులు మడవాలి. ఆ చెవిని నొక్కడం మరిచిపోతే మూలలో చిన్న నోరు తెరుచుకుని ఉంటుంది, అక్కడి నుంచే గుడ్డ పీలికలవుతుంది. గాడి దగ్గర గుడ్డను రెండు వైపుల నుంచీ చెంచా అంచుతో లోపలికి దిగేలా రుద్దండి.

తొడుగును రద్దు కాగితాల మధ్య పెట్టి, బరువు కింద కనీసం మూడు నాలుగు గంటలు ఉంచండి. తీశాక అట్టలు బయటి వైపుకు కొంచెం వంగి ఉండవచ్చు. కంగారు వద్దు. తడిసి సాగిన గుడ్డ ఆరుతూ ముడుచుకుని అట్టను తన వైపు లాగుతుంది. రేపు లోపలి అస్తరు ఆరుతూ అటు వైపు లాగుతుంది. రెండూ సమానమైతే అట్ట తిన్నగా నిలుస్తుంది.

పుస్తకాన్ని తొడుగులో కూర్చడం

13. జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూడండి. మూడు అంచుల్లోనూ 3 మి.మీ. అట్ట కనిపించాలి. సరిపోతే, వెనక అట్ట మీద కట్టను ఆ స్థానంలోనే ఉంచి, ముందు అట్టను తెరిచి పెట్టండి. పై అస్తరు రెండు పొరల మధ్య రద్దు కాగితం దూర్చండి. గుడ్డ రెక్కను అస్తరుకు తెల్ల జిగురుతో అతికించి, దాని మీదుగా అస్తరు మొత్తానికీ కలిపిన జిగురు రాయండి, వెన్ను నుంచి బయటికి, పల్చగా, చకచకా. రద్దు కాగితం లాగేసి, అట్టను మూసి, అరచేత్తో నొక్కండి.

ఇక్కడ మనసు ఆగదు, తెరిచి చూడాలనిపిస్తుంది. తెరవకండి. తడిసిన అస్తరు మడత దగ్గర ముడతపడితే ఇక సరికాదు. పుస్తకాన్ని తిప్పి రెండో వైపు కూడా అలాగే చేయండి.

14. గాడిలో రెండు వైపులా ఒక్కో అల్లిక సూది పెట్టి నొక్కి, ఆ సూదుల చివరలను రబ్బరు బ్యాండ్లతో బిగించండి. అట్టలను 30 డిగ్రీలు మించకుండా కొంచెం తెరిచి, అస్తరుకూ పేజీలకూ మధ్య ప్లాస్టిక్ షీటు ముక్క ఒక్కోటి జారవిడవండి. లేకపోతే తడి పేజీల్లోకి దిగి మొదటి పది కాగితాలు అలలు తిరుగుతాయి. గాడి వరకు బల్ల అంచు బయట ఉండేలా పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చండి. పూర్తిగా ఒక రోజు ఉంచండి. వాన ముసురులో రెండు రోజులు.

తీశాక ఏం చూడాలి, తప్పితే ఏం చేయాలి

అట్ట మీద స్కేలు నిలబెట్టి చూడండి. మధ్యలో 1 మి.మీ. సందు కనిపిస్తే పరవాలేదు. అట్ట బయటికి వంగి, మూలలు పేజీలకు దూరంగా లేస్తే లోపలి లాగుడు తక్కువైంది. అస్తరు మీద అదే కొలత ఇంకో కాగితం, వాటం నిలువుగా చూసి, అతికించి బరువు కింద పెట్టండి. ఎక్కువసార్లు సరిపోతుంది. లోపలికి వంగి పేజీలను కరచుకుంటే అస్తరుకు తడి ఎక్కువైందని అర్థం. దీనికి మందు లేదు. కొన్నాళ్లు బరువు కింద ఉంచితే కొంత తగ్గుతుంది. వంకర మూల నుంచి మూలకు మెలితిరిగినట్టుంటే ఏదో ఒక ముక్క వాటం తప్పింది, మళ్లీ చేసుకోవడమే.

అట్ట తెరుచుకోవడానికి మొరాయిస్తే గాడి ఇరుకు. తెరిచినప్పుడు అట్ట వదులుగా ఊగితే గాడి వెడల్పు. ఈ రెండూ ఆ 7 మి.మీ. బద్ద వాడనివారికే వస్తాయి. మొదటిసారి తెరిచేటప్పుడు ముందు నుంచి ఒక ఫారం, వెనక నుంచి ఒక ఫారం చొప్పున తెరిచి వేలితో వెన్ను వెంట నిమురుతూ మధ్యకు రండి. ఒక్కసారిగా మధ్యలో విప్పితే వెన్ను జిగురు పగులుతుంది.

గుడ్డ మీద మరక పడితే తుడిచి పెద్దది చేయకండి. దాని మీద చిన్న కాగితం చీటీ అతికించి పేరు రాసుకోండి. నా దగ్గర అలా పేరు చీటీలు ఉన్న పుస్తకాలు చాలానే ఉన్నాయి, వాటి కింద ఏముందో ఎవరూ అడగలేదు.

ఒక్క మధ్యాహ్నంలో కావాలంటే

ఒకే ఫారం చేయండి. 210 × 148 మి.మీ. ముక్కలు ఎనిమిది, పైన రంగు కార్డు ఒకటి, అన్నీ కలిపి మడిచి మూడు రంధ్రాలు పెట్టండి. బయటి నుంచి మధ్య రంధ్రంలోకి వెళ్లి, పై రంధ్రం నుంచి బయటికి వచ్చి, వెన్ను మీదుగా కిందికి దాటి, కింది రంధ్రంలోకి దూరి, మళ్లీ మధ్య రంధ్రం నుంచి బయటికి రండి. దారం రెండు చివరలూ వెన్ను మీది పొడవాటి కుట్టుకు చెరో వైపు ఉండేలా చూసి ముడి వేయండి. కార్డు మీద గుడ్డ కావాలంటే, ఇస్త్రీతో అతుక్కునే షీటుతో ముందే వేసేయండి. తడి లేదు, బరువు అక్కర్లేదు. పేజీల చివరలు మెట్లలా బయటికి వస్తాయి, వాటిని స్కేలు ఆనించి కట్టర్‌తో ఒకసారి సరిచేస్తే పుస్తకం సిద్ధం.